క్యాథ్ ల్యాబ్‌లో టీఎల్‌డీ బ్యాడ్జికీ పాకెట్ డోసిమీటర్‌కీ లెక్క కుదరడం లేదు

క్యాథ్ ల్యాబ్ (ఎక్స్-రేలో చూస్తూ గుండె రక్తనాళాలకు చికిత్స చేసే గది) టెక్నీషియన్‌ని. ఒంటికి తగిలిన రేడియేషన్‌ని నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి ఏప్రిల్-జూన్ రిపోర్టులో నాకు 2.1 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలత) వచ్చింది. అదే మూడు నెలల్లో పాకెట్ డోసిమీటర్ (డోసు అప్పటికప్పుడు చూపించే చిన్న మీటర్; రేడియేషన్ తగిలిన ప్రతిసారీ ఒక్కో లెక్క వేసే జీఎం ట్యూబ్ రకం) రోజువారీ రీడింగులు కూడితే 0.6 మాత్రమే. ఏడాదికి సగటున 20 అనే పరిమితికి ఇది చాలా దూరం, టెన్షన్ అందుకు కాదు. రోజూ ఎక్కడ నిలబడాలో ఈ మీటర్ చూసుకునే నిర్ణయించుకుంటున్నాం, అదే తప్పు చెబితే ఎలా?

రెండూ లెడ్ ఆప్రాన్ లోపల, ఛాతీ మీద పక్కపక్కనే పెట్టుకుంటాను. డ్యూటీ అయ్యాక బ్యాడ్జి కంట్రోల్ బ్యాడ్జి (ఎవరూ పెట్టుకోకుండా పోలిక కోసం ఉంచేది) ఉన్న ర్యాక్‌లోకే వెళ్తుంది, గదిలో వదిలేసే అవకాశం లేదు. మీటర్ బ్యాటరీ మార్చాను. కాలిబ్రేషన్ గడువులోనే ఉంది, కానీ అది సీజియం-137తో చేసింది, అంటే 662 కేఈవీ (రేడియేషన్ ఎనర్జీ కొలత). సీజియం చెక్ సోర్స్ దగ్గర పెడితే ఇప్పటికీ సరిగ్గానే చూపిస్తోంది. మా ఎక్స్-రే మాత్రం 70-90 కేవీ (ట్యూబ్ వోల్టేజి, అంటే ఎనర్జీ 70-90 కేఈవీ దాటదు), సెకనుకు 15 పల్సులు. మీటర్ మాన్యువల్‌లో 60 కేఈవీ నుంచి పనిచేస్తుందని ఉంది, పల్సుల గురించి ఒక్క ముక్క లేదు. అమ్మినవాళ్లని అడిగితే మళ్లీ కాలిబ్రేషన్‌కి పంపమంటున్నారు. మళ్లీ సీజియంతోనే చేస్తే ఏం తేలుతుంది?

మీటర్ తక్కువ చూపించడానికి కారణం తక్కువ ఎనర్జీయా, పల్సులా అన్నది మా ల్యాబ్‌లోనే తేల్చుకోవడానికి ఏ పరీక్ష చేయాలి?