పాత బజారు షాబాద్ బండలు: మీద సీసీ పోయాలా, అవే ఉంచాలా?

పాతబజారు పిల్లోడు
అందరికీ నమస్తే. మాది వరంగల్‌కు గంట దూరంలో ఉన్న చిన్న పట్నం. మా పాత బజారులో గుడి నుంచి కూరగాయల మార్కెట్ దాకా ఇప్పటికీ షాబాద్ బండలే ఉన్నాయి. ఇప్పుడు వాటి మీదే సీసీ రోడ్డు వేస్తారట, సున్నంతో గీతలు కూడా గీసి పోయారు. నేను వద్దంటున్నాను. కాకతీయుల కాలం నాటి బజారు ఇది అని మా తాత చెప్పేవాడు. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ వాళ్లు చెప్పులు లేకుండా బతుకమ్మలు ఎత్తుకొని నడిచింది ఈ బండల మీదే. మీరేమంటారు?

కిరాణం దుకాణం
తమ్మీ, నా దుకాణం ఆ బజారు మీదే ఉంది. బండలు అరిగి అరిగి నున్నగా అయిపోయాయి. చినుకు పడితే చాలు, బైకులు జారుతాయి. రెండేళ్ల కింద వానాకాలంలో మా అమ్మ దుకాణం ముందే పడింది, తుంటి ఎముక విరిగింది. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేదు. బియ్యం బస్తాల బండి లాగితే సందుల్లో చక్రం ఇరుక్కుంటుంది. పండక్కి వచ్చిపోయేవాళ్లకు అవి అందంగా కనబడతాయి, రోజూ తిరిగే మాకు మాత్రం టెన్షన్. సీసీ వేయాల్సిందే.

ఓరుగల్లు చరిత్ర
పిల్లోడా, ఒక మాట సరిచేయాలి. బజారు కాకతీయుల నాటిది కావచ్చు, బండలు మాత్రం కావు. షాబాద్ అంటే కలబురగి జిల్లాలో, వాడి జంక్షన్ పక్కనున్న ఊరు. అక్కడి సున్నపురాయి పొరలు పొరలుగా లేస్తుంది కాబట్టే పలకల్లాంటి బండలు దొరుకుతాయి. అక్కడి నుంచి మన దగ్గరికి మూడు వందల కిలోమీటర్లకు పైనే. అంత బరువును ఎడ్లబండ్ల మీద తెచ్చి వీధులకు పరిచారంటే నేను నమ్మను. నిజాం రైలు వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చింది, వరంగల్ దాకా 1886లో వచ్చింది. మీ బండలు ఆ తర్వాత వ్యాగన్లలో దిగినవే అయ్యుండాలి.

కాకతీయుల రాయి వేరు. 1163 నాటి వేయిస్తంభాల గుడి, కోటలోని కీర్తి తోరణాలు, లోపలి రాతి గోడ చూడండి, నల్లరాయి, గ్రానైట్ కనబడతాయి. 1213 నాటి రామప్ప గుడికి ఎర్ర ఇసుకరాయి వాడారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ఏ రాయి ఎక్కడికి పనికొస్తుందో వాళ్లకు అంత తెలుసు. లేని వయసు కట్టబెడితే ఉన్న చరిత్ర కూడా జనం నమ్మరు. రైలు తెచ్చిన బండలు అని చెప్పుకోవడం చిన్నతనమేమీ కాదు.

కిరాణం దుకాణం
మరి కాకతీయులవి కానప్పుడు ఇంకేం అడ్డం సార్? కోట రాళ్లయితే నేను కూడా ముట్టుకోవద్దనేవాణ్ణి.

మేస్త్రీ పని
ముప్పై ఏళ్లుగా బండల పని చేస్తున్నాను, నాకు తెలిసింది చెప్తాను. జారేది నిజమే, షాబాద్ బండ తడిస్తే జారుతుంది. కానీ అరిగింది పైవైపే. మందం ఉన్న బండను లేపి తిరగేయండి, అడుగు వైపు గరుకుగానే ఉంటుంది. నేను రెండు చోట్ల అట్లా వేశాను. పలచగా ఉన్నవి లేపేటప్పుడు పగులుతాయి, వాటి బదులు తాండూరు నుంచి తెచ్చుకోవచ్చు.

ఎత్తుపల్లాలు ఎందుకొచ్చాయంటే, నల్లా పైపుల కోసం తవ్విన ప్రతిసారీ మట్టిని సరిగ్గా దిమ్మిస చేయకుండా బండలు పెట్టి పోయారు. ఆ మట్టి దిగబడింది. పాత పనిలో కింద మొరం గట్టిగా కొట్టి, సున్నం మీద బండ కూర్చోబెట్టేవాళ్లు. మళ్లీ అట్లా చేస్తే చక్రం ఇరుక్కోదు. రేపు పైపు పగిలిందనుకోండి, నాలుగు బండలు లేపి బాగుచేసి మళ్లీ పెట్టొచ్చు. అదే సీసీ అయితే కట్టర్‌తో కోయాలి, అతుకు ఎప్పటికీ అతుకే.

లారీలు వస్తే మాత్రం ఈ బండలు ఆగవు. అది ముందే తెలుసుకోండి.

పాతబజారు పిల్లోడు
చరిత్ర సారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. తాత మాట బజారు గురించి అయ్యుంటుంది, నేను బండలకు కలిపాను. కానీ నా వాదన మారలేదు, ఇంకా గట్టిపడింది. కిరాణం అన్నా, వయసు సంగతి పక్కన పెట్టు, ఎత్తు చూడు.

పక్క గల్లీలో మా మేనత్త ఇల్లు ఉంది. అక్కడ సీసీ రెండుసార్లు వేశారు, రెండుసార్లూ పాతది తీయకుండా దాని మీదే. నా చిన్నప్పుడు అరుగు పక్క నుంచి మూడు మెట్లు ఎక్కి లోపలికి పోయేవాళ్లం. ఇప్పుడు రోడ్డు మీది నుంచి ఒక మెట్టు దిగి పోతున్నాం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు మా దగ్గర అంత పడలేదు, అయినా అత్త ఇంట్లో మోకాళ్ల దాకా నీళ్లు. మోరీ కూడా ఇంటికన్నా ఎత్తయింది, నీళ్లు ఎటు పోతాయి? బియ్యం డబ్బాలు, పెళ్లి ఫొటోలు, అన్నీ తడిసిపోయాయి. ఆమె డెబ్బై ఏళ్ల మనిషి, రాత్రంతా మంచం మీద కూర్చుంది.

పాత బజారులో సీసీ పడితే అదే జరుగుతుంది. నీ దుకాణం కడప ఇప్పుడే రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంది. ఎనిమిది అంగుళాల సీసీ పడితే ఆ జానెడు మిగలదు.

కిరాణం దుకాణం
అది నేను లెక్క చూసుకోలేదు తమ్మీ. పోయిన వానకే వెనక గదిలో చెక్కర బస్తాలు తడిసినయి. కానీ అమ్మ పడ్డ సంగతి నేను మరిచిపోలేను. తిరగేసి పరుస్తామంటే, రెండు వైపులా ముసలోళ్లు పట్టుకోవడానికి ఇనుప రెయిలింగు పెడతామంటే, సీసీ వద్దని మీరు రాసే అర్జీ మీద నేను సంతకం పెడతా. ఒట్టి బండలు అట్లనే ఉంచుతామంటే పెట్టను.

మేస్త్రీ పని
ముందు నా మాట ఎంత నిజమో చూసుకోండి. గుడి ముందు ఒక్క బండ లేపి తిరగేయండి, నీళ్లు పోసి నడవండి. అరపూట పని, పార, గునపం చాలు. నేను ఆదివారం పొద్దున వస్తాను.

పాతబజారు పిల్లోడు
రండి సార్. ఈలోపు నేను టేపు తీసుకొని ప్రతి కడప రోడ్డుకు ఎంత ఎత్తుందో కొలుస్తాను. ఇవాళ పదకొండు ఇళ్లు అయినయి. వాటిలో నాలుగింటికి ఎనిమిది అంగుళాలు కూడా లేవు. కిరాణం అన్నా, అమ్మను కూడా ఆదివారం తీసుకురా, ఆమె నడిచి చెప్తేనే మనం ముందుకు పోదాం.