పూజగదికి, వంటగట్టుకు పాలరాయి వేయించవచ్చా?

ముత్యాలరెడ్డిపల్లె, తిరుపతి:
ఇల్లు కడుతున్నాం. పూజగదిలో మందిరం, పక్కనే వంటగట్టు రెండూ రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయితో చేయించాలని నా కోరిక. మా మామయ్య గ్రానైట్ చాలంటున్నారు. మాకు ప్రతి సోమవారం అభిషేకం ఉంటుంది. ఏం చేయమంటారు?

రాతిపని, చిత్తూరు:
అక్కా, మందిరం చేయించుకోండి, వంటగట్టు మాత్రం వద్దు. నేను ఇళ్లలో బండలు పరిచి పాలిష్ పట్టేవాణ్ణి. సున్నపురాయే భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారి పాలరాయి అవుతుంది. అందుకే పులుపు తగిలితే తినేస్తుంది. దాని మీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే అక్కడ మెరుపు పోతుంది. ఎంత తుడిచినా రాదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. చింతపండు లేకుండా మనకు వంట ఎక్కడిది? కుప్పం గ్రీన్ వేయించండి. మన వైపు గ్రానైటే, పులుపు దాన్నేమీ చేయదు. కడప నల్లబండ కూడా సున్నపురాయే, గట్టుకు అదీ వద్దు.

మందిరం సంగతి వేరు. పాలరాయిలోకి వెలుతురు కొంచెం దిగుతుంది. దీపం పెట్టినప్పుడు దానికి వచ్చే అందం గ్రానైట్‌కు ఎంత పాలిష్ పట్టినా రాదు. మెత్తన కాబట్టి ఉలికి లొంగుతుంది, సన్నని లతలు, జాలీలు చక్కగా తెగుతాయి. తాజ్‌మహల్ గోడల మీది పూలు చూడండి. మక్రానా రాయిని పువ్వు ఆకారంలో తొలిచి, ఆ గాడిలో రంగురాళ్లు కోసి పొదిగారు. ఎంత ఓపిక ఉండాలి ఆ చేతులకు! ఆగ్రాలో ఆ పని ఇప్పటికీ చేస్తున్నారు.

అభిషేకం ఇత్తడి పళ్లెంలో చేయండి, పెరుగు రాతి మీద పడకూడదు. బండ కింద తెల్ల సిమెంటే వాడమనండి, మామూలు సిమెంటు నలుపు పైకి కనిపిస్తుంది. చివర్లో యాసిడ్‌తో కడుగుతామంటే అస్సలు ఒప్పుకోవద్దు.

మదనపల్లె:
దీపం నూనె మరకకు వంటసోడా ముద్దగా కలిపి పట్టించి, పైన కవరు కప్పి రాత్రంతా వదిలేయండి. మా ఇంట్లో చాలావరకు పోయింది.

ముత్యాలరెడ్డిపల్లె, తిరుపతి:
థాంక్స్ అన్నా. గట్టుకు మామయ్య మాటే ఖాయం. షాపులో చూపించేది పాలరాయేనని ఎలా తెలుసుకోవాలి?

రాతిపని, చిత్తూరు:
చిన్న ముక్క అడిగి తీసుకోండి. వెనకవైపు చాకుతో గీస్తే గీత పడాలి. ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ వస్తుంది. గ్రానైట్‌కు, టైల్స్‌కు రాదు. అది మక్రానాదా, వేరే గనిదా అన్నది మాత్రం దీంతో తేలదు.