పార్సిల్‌లో పొగాకు: పూర్తిగా ఆపాలా, వయసు చూసి ఇవ్వాలా?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ, మహారాష్ట్ర)
మా అక్క కొడుకు పదో తరగతి. పోయిన నెల వాడి పేరు మీద పార్సిల్ వస్తే అక్కే తీసుకుంది. డబ్బా మీద మౌత్ ఫ్రెష్‌నర్ అని రాసుంది. లోపల పెన్ను లాంటి వస్తువు, మామిడిపండు వాసన. అది వేప్, అంటే ఈ-సిగరెట్, అని వాడు ఏడ్చి చెప్పేదాకా మాకు తెలియదు.

ఈ-సిగరెట్లు 2019 నుంచి దేశమంతటా నిషేధం. అమ్మినా, రవాణా చేసినా, దాచినా నేరమే. అయినా గోదావరి దాటి మా వాకిట్లోకి వచ్చింది. వేప్ ఒక్కటే కాదు, సిగరెట్, బీడీ, జర్దా ఏదీ ఆన్‌లైన్‌లోగానీ పోస్టులోగానీ అమ్మకూడదని చట్టంలో రాయాలంటాను. 2003 నాటి పొగాకు చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు అమ్మొద్దంటుంది, బడికి 100 గజాల లోపల అమ్మొద్దంటుంది. పిల్లాడి చేతిలోని ఫోన్‌కు ఆ 100 గజాలు ఎక్కణ్నుంచి కొలుస్తారు?

పాన్ ఠేలా
నేను ఒప్పుకుంటా. బోర్డు మేం పెట్టాలి, బడికి దూరం మేం జరగాలి, తనిఖీకి వస్తే మా గల్లా ముందే నిలబడతారు. 2020లో లూజ్ సిగరెట్ అమ్మొద్దని మహారాష్ట్ర సర్కారు చెప్పింది, అదీ మాకే. ఫోన్లో అమ్మేవాడికి ఠేలా లేదు, బోర్డు లేదు.

బల్లార్షా బొగ్గు
లూజ్ అమ్మడం మానేశావా అన్నా?

పాన్ ఠేలా
అబద్ధం ఎందుకు. తెలిసినవాళ్లు అడిగితే ఇస్తా. పిల్లలకు మాత్రం ఇయ్యను, మొహం కనిపిస్తది కదా.

బల్లార్షా బొగ్గు
ప్రాణహిత అన్నా, కోపం తెచ్చుకోవద్దు, నీ ఉదాహరణే నీకు ఎదురు తిరుగుతోంది. పూర్తిగా నిషేధించిన వస్తువే కదా మీ ఇంటికొచ్చింది! మా చంద్రపూర్ జిల్లాలో 2015లో దారూబందీ, అంటే మద్య నిషేధం, పెట్టి 2021లో ఎత్తేశారు. ఆ ఆరేళ్లలో మా గల్లీలో మందు దొరకని రోజు నాకు గుర్తులేదు. రేటు పెరిగింది, సీసా జేబులోకి చేరింది, అంతే. మీ గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి ఉంది, మీరే చెప్పండి ఎంత ఆగిందో. నిషేధిస్తే బిల్లు ఉండదు, అమ్మినవాడి పేరుండదు, వయసు అడిగేవాడుండడు. దానికంటే లైసెన్స్ ఉన్నవాళ్లను అమ్మనిచ్చి, ఆర్డర్ పెట్టేటప్పుడు ఒకసారి, ఇచ్చేటప్పుడు ఒకసారి వయసు చూడటం మేలు.

నల్లకోటు (చంద్రపూర్)
రెండు విషయాలు. ఇప్పుడున్న చట్టంతోనే కొంత చేయొచ్చు. 2003 పొగాకు చట్టంలోని సెక్షన్ 5 పొగాకు ప్రకటనలు వద్దంటుంది. ఫోటో పెట్టి, డిస్కౌంట్ రాసి, నాలుగు స్టార్ల రేటింగ్ వేసి చూపిస్తే అది ప్రకటన కాక మరేమిటని నా వాదన. పిల్లలకు అమ్మితే పొగాకు చట్టం కింద జరిమానా 200 రూపాయల వరకే, టీ, సమోసాల ఖర్చు. కానీ 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 77 కింద పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. మీ అక్క కేసులో అది వేప్‌కూ వర్తిస్తుందేమో చూడాలి.

రెండోది, బల్లార్షా చెప్పిన పద్ధతి అమెరికాలో ఉంది. 2010లో పాక్ట్ చట్టం తెచ్చారు. సిగరెట్, నమిలే పొగాకు పార్సిళ్లు తీసుకోవడం అక్కడి పోస్టాఫీసు దాదాపు మానేసింది. ప్రైవేటు వాళ్లు తీసుకెళ్తే లోపల పొగాకు ఉందని డబ్బా మీదే రాయాలి, గుర్తింపు కార్డు చూసి పెద్దవాళ్ల సంతకంతోనే ఇవ్వాలి, కొనేవాడి రాష్ట్రం పన్ను కట్టాలి. అసలు గొడవ ఆ పన్ను దగ్గరే. న్యూయార్క్‌లోని సెనెకా అనే ఆదివాసీ తెగవాళ్లు పన్ను లేని సిగరెట్లను మెయిల్ ఆర్డర్‌లో అమ్మేవాళ్లు, కొందరు ఆ చట్టం మీద కోర్టుకెళ్లి పోరాడారు. 2020 చివర్లో వేప్‌లనూ ఆ చట్టంలో చేర్చారు.

కొరియర్ బండి
ఆ పార్సిళ్లు ఇచ్చేది మేమే కాబట్టి ఒక మాట. డబ్బా విప్పే హక్కు మాకు లేదు. అసరల్లి దాకా బండి మీద పోవాలి, ఇంట్లో ఎవరుంటే వాళ్లకిచ్చి వస్తాం. ఓటీపీ అంటారా, ఆర్డర్ పెట్టిన పిల్లాడి ఫోన్‌కే వస్తుంది. వయసు చూడమంటే చూస్తాం, కానీ లోపల పొగాకు ఉందని మాకెలా తెలియాలి? వకీలు సార్ చెప్పినట్టు పైన రాస్తే కథ వేరు. ఇక్కడ మౌత్ ఫ్రెష్‌నర్ అని రాసే రకం ఎందుకు రాస్తాడు?

సిస్టర్
ఇంతసేపూ వేప్, సిగరెట్. మా దవాఖానాకొచ్చేవాళ్లలో నోట్లో రెండు వేళ్లు పట్టనివాళ్లను చూడండి. సుపారీ, తంబాకు, సున్నం ప్లాస్టిక్ పన్నీలో వేసి రుద్ది ఇచ్చే ఖర్రా ఏ ఆన్‌లైన్‌లోనూ రాదు. 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు 10.7 శాతమైతే, నమలడం లాంటి పొగ రాని అలవాటున్నవాళ్లు 21.4 శాతం. ఆన్‌లైన్ అమ్మకం ఆపండి, నేనేం వద్దనను. ఆపేశాం కదా అని ఇక్కడ చేతులు దులుపుకుంటేనే నా గొడవ. ఠేలా అన్నా, ఏమనుకోకు.

పాన్ ఠేలా
ఏమనుకుంటా సిస్టర్. మా నాన్నకూ మీరే కట్టు కట్టారు.

తునికాకు
బీడీ ఆన్‌లైన్‌లో ఆపితే ఆకు ఏరేవాళ్ల పొట్ట కొట్టినట్టని రేపు ఎవరో ఒకరు అంటారు. ముందే చెబుతున్నా, మా ఊళ్లో ఫోన్లో బీడీ కట్ట తెప్పించుకున్నవాణ్ని నేను చూడలేదు. మమ్మల్ని అడ్డం పెట్టుకోవద్దు.

ప్రాణహిత ఒడ్డు
బల్లార్షా అన్నకు జవాబు. మందు సీసా ఎవడో సంచిలో వేసుకుని తెస్తాడు, వాణ్ని పట్టుకోవడం కష్టం. పార్సిల్‌కు బుకింగ్ ఉంటుంది, డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో ఉంటుంది. ఇన్ని ఆనవాళ్లు వదిలే వ్యాపారాన్ని దారూబందీతో పోల్చడం నాకు నచ్చలేదు. ఆపాలన్న మాట వెనక్కి తీసుకోను. ఒకటి మాత్రం ఒప్పుకుంటా, ఎవరూ వెతకకపోతే ఆ ఆనవాళ్లు ఉండీ దండగే. అక్క ఫిర్యాదు వద్దంటోంది, బడిలో పిల్లాడి పేరు తెలుస్తుందని టెన్షన్. పంపినవాడి అడ్రస్ ఉండాల్సిన చోట ఫోన్ నంబర్ ఒక్కటే ఉంది, అది స్విచాఫ్.

కొరియర్ బండి
అన్నా, డబ్బా పారేశారా? బార్‌కోడ్ చిరగకుండా ఉంటే ఏ ఊళ్లో బుక్ అయిందో చూడొచ్చు.

ప్రాణహిత ఒడ్డు
అటక మీద ఉంది తమ్మీ. రేపు పొద్దున బస్టాండ్ దగ్గరికి తెస్తా.