నాన్నకి మాట పోయింది, పాట పోలేదు. మనసంటే మెదడేనా?

పక్షవాతంతో మా నాన్నకి మెదడు ఎడమవైపు దెబ్బతింది. "నీళ్లు" అనబోతే పెదాలు వణుకుతాయి, మాట రాదు. అమ్మ రామదాసు కీర్తన ఎత్తుకుంటే మాత్రం చరణాలన్నీ పాడేస్తారు. మనసు మెదడే అయితే ఈ పాడే మనిషి ఎక్కడున్నట్టు?

జవాబు: మెదడులోనేనండీ. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" తప్ప మరో మాట రాని రోగి చనిపోయాక మెదడు చూస్తే, దెబ్బ ఎడమ ముందుభాగంలో ఉంది. పాటకి కుడివైపు కూడా తోడొస్తుంది.

జవాబు: ఛాందోగ్య ఉపనిషత్తులో శ్వేతకేతు 15 రోజులు అన్నం మానేస్తే నేర్చిన వేదం గుర్తురాలేదు, తిన్నాక వచ్చింది. మనసు అన్నమయమన్నాడు వాళ్ల నాన్న ఉద్దాలకుడు. కానీ మీ నాన్నగారి బాధ ఏ స్కాన్‌లో కనపడుతుంది?

అడిగినవారు: ఇందాక అమ్మ రాగం తీసి "నీళ్లు కావాలా" అంది. నాన్న అదే రాగంలో "నీ...ళ్లు" అన్నారు. గ్లాసు పట్టుకుని ఇద్దరం ఏడ్చేశాం.