రెండు డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల సరుకు ఒకేసారి అమ్మొచ్చా?

అడిగినవారు: నరసరావుపేట సభ్యురాలు

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఒక డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా మాలాంటి వాళ్ల చేత నేరుగా ఇళ్లకి అమ్మించే) కంపెనీ సరుకు అమ్ముతున్నాను. సబ్బులు, షాంపూలు, ప్రొటీన్ పొడి. మా కాలనీలో 40 ఇళ్లు నాకు ఖాతా. ఇప్పుడు గుంటూరులో ఉన్న మా పిన్ని కూతురు వంటింటి డబ్బాలు, సీసాలు అమ్మే ఇంకో కంపెనీలో చేరి, నన్నూ రమ్మంటోంది. ఈ మాట మా అప్‌లైన్ అక్కతో (కంపెనీలో నన్ను చేర్పించినావిడ) అంటే, "రెండో దాంట్లో చేరావంటే ఐడీ తీసేస్తారు" అన్నారు, అంటే నా సభ్యత్వం పోతుందని. నిజమేనా? పన్నులతో ఏమైనా చిక్కు వస్తుందా? అసలు లాభమేనా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: ఖమ్మం సభ్యురాలు

చెల్లీ, నేను ఆరేళ్లుగా రెండిట్లో ఉన్నా. ముందు భయం తీసి పక్కన పెట్టు. రెండు కంపెనీల సరుకు అమ్మకూడదని ప్రభుత్వ నిబంధన ఏదీ లేదు. ఉంటే గింటే నువ్వు సంతకం పెట్టిన ఒప్పందంలో ఉంటుంది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం కంపెనీ నీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాల్సిందే. ఆన్‌లైన్‌లో చేరినప్పుడు చదవకుండా టిక్కు పెట్టి ఉంటావు, మనందరం అంతే. ఇప్పుడు డౌన్‌లోడ్ చేసి చదువు.

అందులో మూడు సంగతులు వెతుకు. పోటీ సరుకు అమ్మకూడదని ఉందా? నీ టీమ్‌లో, అంటే నీ కింద చేరిన, వాళ్లని ఇంకో కంపెనీలోకి లాగకూడదని ఉందా? ఫలానా స్థాయి దాటిన వాళ్లు ఈ ఒక్క కంపెనీకే పనిచేయాలని ఉందా? రెండోది చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది, ఐడీలు ఎక్కువగా పోయేదీ దానివల్లే. నీది షాంపూ, వాళ్లది డబ్బా కాబట్టి మొదటిది నీకు అడ్డు రాకపోవచ్చు.

మీ అప్‌లైన్ మాట కంపెనీ మాట కాదు. నువ్వు అటు తిరిగితే నీ అమ్మకాల మీద ఆవిడకొచ్చే పాయింట్లు తగ్గుతాయి, ఆవిడ బాధ ఆవిడది. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి అడుగు, వచ్చిన జవాబు దాచుకో. ఫోన్‌లో చెప్పింది రేపు పనికిరాదు.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెబుతా. కొత్త కంపెనీ స్టీలు సీసా చాలా ముద్దొచ్చి, ఫోటో తీసి పాత కంపెనీ టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టా. నా మనసులో ఏమీ లేదు, ఊరికే చూపిద్దామనే. వారం తిరిగేసరికి సంజాయిషీ నోటీసు. టీమ్‌ని తరలిస్తున్నానని ఎవరో ఫిర్యాదు చేశారు. క్షమాపణ రాసి బయటపడ్డా. అప్పటి నుంచి రెండు గ్రూపులు, రెండు బిల్లు పుస్తకాలు, రెండు సంచులు. ఒకరి సరుకు పక్కన ఇంకొకరిది పెట్టి ఫోటో తీయను.

ఇక లాభం సంగతి. స్లాబుల లెక్క (అమ్మకం పెరిగేకొద్దీ పెరిగే కమిషన్ శాతం) ఒకసారి వేసి చూడు. ఉదాహరణకి, ఒకే కంపెనీలో నెలకి 24,000 సరుకు పోతే 9 శాతం స్లాబు అనుకో, 2,160 వస్తుంది. అదే 24,000 చెరో 12,000గా చీలి రెండుచోట్లా 6 శాతం దగ్గరే ఆగితే వచ్చేది 1,440. ఆ 40 ఇళ్ల నెల ఖర్చు నీకోసం పెరగదు కదా. డబ్బా కొన్న నెల ప్రొటీన్ పొడి మానేస్తారు.

పైగా నెలాఖరు రెండింతలవుతుంది. మొదటి ఏడాది ఒకసారి 29వ తేదీ రాత్రి, పై స్లాబు అందుకోవాలని 3,100 పెట్టి సొంతానికి సరుకు కొన్నా. స్లాబు అందినందుకు అదనంగా వచ్చింది 540. ఆ సరుకు బీరువా మీద అట్టపెట్టెలో నాలుగు నెలలు కూర్చుంది, చివరికి రాఖీకి మా తమ్ముడి ఇంటికి పట్టుకెళ్లా. మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. రెండు కంపెనీలుంటే ఆ రాత్రి నెలకి రెండుసార్లు వస్తుంది. నా మాట వింటే ఒకదాంట్లోనే స్లాబు కోసం పరుగెత్తు. రెండోదాంట్లో ఆర్డర్ చేతికొచ్చాకే తెప్పించు, పాయింట్ల మొహం చూడకు.

జవాబు: హనుమకొండ సభ్యుడు (అకౌంట్స్ పని చేస్తాను)

పన్ను ముక్క నేను చెబుతానండి. కమిషన్ మీద టీడీఎస్ (మీకిచ్చే ముందే కంపెనీ కోసి కట్టే పన్ను) 2024 అక్టోబరు 1 నుంచి 5 శాతం కాదు, 2 శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఒక కంపెనీ ఇచ్చే కమిషన్ ఏడాదిలో 20,000 దాటితేనే కోస్తుంది. ఈ హద్దు ఏ కంపెనీకి ఆ కంపెనీయే చూసుకుంటుంది. రెండుచోట్లా 18,000 చొప్పున వస్తే ఎవరూ కోయరు, కానీ 36,000 మీ ఆదాయమే. సరుకు మీద మిగిలిన మార్జిన్ కూడా అందులో కలుస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది.

చాలామంది అంచనా లాభం చూపించి కట్టే ఐటీఆర్-4 అనే రిటర్ను ఫారం వేసేస్తారు. కమిషన్ ఆదాయానికి ఆ అంచనా లాభం పద్ధతి వర్తించదు, ఐటీఆర్-3 వేయాలి. జీఎస్టీకి మీరు చాలా దూరంలో ఉన్నారు. అయితే ఆ టర్నోవర్ లెక్క కంపెనీకొకటి కాదు, మీ పాన్ మీద అన్నీ కలిపి చూస్తారు.

అడిగినవారు

చాలా థాంక్స్ అండి, అక్కా మీకు కూడా. రెండోది మా ఆయన పేరు మీద తీసుకుంటే ఎలా ఉంటుంది? మా పిన్ని కూతురు ఇచ్చిన సలహా ఇది.

జవాబు: ఖమ్మం సభ్యురాలు

వద్దు. చాలా ఒప్పందాల్లో భార్యాభర్తల్ని ఒకే వ్యాపారంగా చూస్తారు. సరుకు పట్టుకుని ఇంటింటికీ తిరిగేది నువ్వే అయితే రెండు నెలల్లో అందరికీ తెలిసిపోతుంది. దాచి చేస్తే నోటీసు వచ్చాక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

జవాబు: విశాఖ సభ్యుడు

నేను రెండోది వదిలేశానమ్మా, అందుకని నా మాట కాస్త చేదుగా ఉంటుంది. చేరడానికే డబ్బు కట్టమన్నా, సరుకు కంటే మనుషుల్ని చేర్పించడం గురించే ఎక్కువ మాట్లాడినా అక్కడే ఆగిపోండి. 2021 నిబంధనల్లో ప్రవేశ రుసుము కుదరదు, పిరమిడ్ స్కీములు (సరుకు అమ్మకం మీద కాక మనుషుల్ని చేర్చడం మీద డబ్బొచ్చేవి) నిషేధం. కొత్తగా చేరేవాళ్ల డబ్బే తిప్పే మనీ సర్క్యులేషన్ మీద 1978 నుంచే చట్టం ఉంది. అమ్మకానికి వెళ్తే గుర్తింపు కార్డు దగ్గరుండాలి, ముందుగా చెప్పి వెళ్లాలి. రెండు కంపెనీలంటే రెండు కార్డులు. ఒకరి కార్డు చూపించి ఇంకొకరి సరుకు అమ్మకండి. వాపసు గడువులు కూడా వేర్వేరుగా ఉంటాయి, కొన్నవాళ్లకి ఒకదాని గడువు ఇంకోదానికి చెప్పేస్తాం. నాకు జరిగింది అదే, 1,400 నా జేబులోంచి తిరిగిచ్చా.

అడిగినవారు

ఒప్పందం దొరికింది. టీమ్‌ని లాగకూడదని ఉంది, వేరే సరుకు అమ్మకూడదని లేదు. అయినా మెయిల్ పెట్టాను. రాత్రి ఉన్న సరుకంతా మంచం మీద పరిచి లెక్కపెడితే ప్రొటీన్ డబ్బాలే ఏడు తేలాయి, రెండింటికి వచ్చే నెలే ఆఖరు తేదీ. ముందు అవి పోవాలి, ఆ తర్వాతే మా పిన్ని కూతురికి ఫోన్. ఖమ్మం అక్కా, మీ రెండు బిల్లు పుస్తకాల్లో ఒక పేజీ ఫోటో పెడతారా? గళ్లు ఎలా గీశారో చూస్తాను.