ఊసరవెల్లి పిల్లలు కళ్ళు తెరుస్తలేవు, తింటలేవు, ఏం జెయ్యాలె?

నాచారం పోరడు:
అందరికీ నమస్తే. మా బావ కెనడా పోతా పోతా తన దగ్గర గుడ్లలకెళ్ళి వచ్చిన ఊసరవెల్లి పిల్లలు మూడు నాకిచ్చి పోయిండు, మన దిక్కు దొరికేవి కావు, యెమెన్‌వి, వెయిల్డ్ కమీలియన్ అంటరు కదా అవి. నెలన్నర వయసు. నేను చిన్నప్పటి సంది చేపలు పెంచిన గానీ వీటి గురించి ఏం ఎర్కలేదు, పాత అక్వేరియం ఉంటే నీళ్ళు తీసేసి అండ్ల పెట్టిన, మూతకు వైట్ ఎల్ఈడీ ఉంది, చిన్న గిన్నెల నీళ్ళు పెట్టిన. మొదటి వారం మంచిగనే ఉన్నయ్. మొన్న ఒకటి పోయింది. ఉన్న రెండిట్ల పెద్దది పట్టపగలు కూడా కళ్ళు మూసుకొనే ఉంటది, కళ్ళు లోపలికి గుంజుకపోయినయ్. చిన్నదానికి ముందు కాలు విల్లు లెక్క వంగింది, కొమ్మ పట్టుకోబోయి దాని ఇంకో కాలునే పట్టుకుంటది, పురుగు కనపడితే నోరు తెరుస్తది గానీ నాలుక బయటికి వస్తలేదు. గిన్నెల నీళ్ళు పోసినయి పోసినట్టే ఉంటున్నయ్. షాపాయన ఏవో విటమిన్ చుక్కలిచ్చి సిరంజితోని తాగియ్యమన్నడు. తాగియ్యాల్నా? మా అమ్మ అయితే ఊసరవెల్లి ఇంట్ల ఉండొద్దు, ఎవరికన్న ఇచ్చెయ్ అని రోజూ లొల్లి.

మల్లెతీగ:
తమ్ముడూ ముందు ఆ సిరంజి పక్కన పెట్టెయ్. నేను నాలుగేళ్ళుగా కూకట్‌పల్లిలో ఇదే జాతిని పెంచుతున్నా, మొదటి పిల్లని చంపుకుంది ఈ సిరంజితోనే. వాటి ఊపిరి గొట్టం నోట్లో నాలుక మొదట్లోనే ఉంటుంది, నోరు బలవంతంగా తెరిచి నీళ్ళు కొడితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాది రాత్రి నోరు పైకెత్తి బుడగలు కక్కింది, తెల్లారేసరికి లేదు. ఇప్పటికీ గుర్తొస్తే చెయ్యి వణుకుతుంది.

నువ్వు చెప్పినవి రెండు వేరే వేరే జబ్బులు. పెద్దదానిది నీళ్ళు లేక ఎండిపోవడం అనిపిస్తుంది. ఊసరవెల్లికి గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్ళు నీళ్ళలా కనపడవు, ఆకు మీద మెరిసే చుక్కని నాకి తాగుతుంది, దాని దేశంలో పొద్దున్నే మంచు చుక్కలే దాని నీళ్ళు. నువ్వు గిన్నె పెట్టి తాగట్లేదు అనుకుంటే అది పాపం గిన్నె పక్కనే దాహంతో చస్తుంది. ఇంట్లో మనీప్లాంటో మందారమో ఉంటే కుండీతో సహా లోపల పెట్టు (గన్నేరు, జిల్లేడు మాత్రం వద్దు, విషం), కొత్త స్ప్రే బాటిల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి ఆకుల మీద కొట్టు, మొహం మీద కాదు. ఒక్క పిచికారీ కొట్టి పోవడం కాదు, ఆకుల నుంచి బొట్టు బొట్టు కారేదాకా రెండు మూడు నిమిషాలు కొట్టాలి, రోజుకు మూడు నాలుగు సార్లు. కదలకుండా దూరంగా కూర్చుని చూడు, మొదట భయపడి నల్లబడుతుంది, తర్వాత మెల్లగా నాలుక చాపుతుంది. రెట్టలో తెల్లగా ఉండే ముక్క పసుపు, నారింజ రంగులో ఉంటే నీళ్ళు చాల్లేదన్నమాట.

ఇంకోటి, రెండిటినీ విడదీసి మధ్యలో అట్టముక్క పెట్టు, ఒకదానికి ఇంకోటి కనపడకూడదు. కొట్టుకోకపోయినా బలమున్నది కళ్ళతోనే భయపెట్టి రెండోదాన్ని తిననివ్వదు.

కొత్తపేట కిట్టు:
తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు, నువ్వేంది బ్రో చేపలు ముదిరి ఊసరవెల్లి చేసినవ్ 😄 సరే జోకులు పక్కకు పెడితే కాలు వంగింది అంటే కాల్షియం తక్కువే, మెడికల్ షాపుల కాల్షియం మాత్ర తెచ్చి దంచి పురుగుల మీద చల్లు, మా తాబేలుకి అట్లనే ఇస్తం. అవునూ ఇవి ఇంట్ల పెంచితే కేసు కాదా?

పచ్చరెక్క:
కిట్టు భాయ్ ఆ మాత్ర సలహా వద్దు ప్లీజ్. వెటర్నరీ చదువుతున్న, ఇంకా డాక్టర్ కాలే, కాబట్టి నా మాట చూపించుకునేదాకా సాయం అనుకోండి అంతే. మెడికల్ షాపు కాల్షియం మాత్రల్లో ఎక్కువ వాటిల్లో విటమిన్ డీ3 కలిపి ఉంటది, అది మనిషి బరువుకి లెక్క, ఈ పిల్ల రెండు మూడు గ్రాములు ఉంటదేమో, రోజూ పోతే ఒంట్లో పేరుకుపోతది. రెప్టైల్స్‌కి అమ్మే డీ3 లేని కాల్షియం పౌడర్ దొరికితే అదే, దొరికేదాకా పిట్టల సామాన్లు అమ్మే కొట్టులో సముద్రపు నురుగు ఉంటది, పంజరాలకి కట్టే ఆ తెల్లటి పెంకు, అది చాలావరకు కాల్షియం కార్బొనేటే. ఉప్పు పోయేటట్టు కడిగి ఎండబెట్టి చాకుతో పిండిలెక్క గీకి, ప్రతిసారి పురుగులకు పలుచగా అంటించి వేస్తే చాలు.

కానీ అసలు రోగం కాల్షియం ఒక్కదానిది కాదు. లైట్‌ది. ఎండలో ఉండే, కంటికి కనపడని యూవీబీ కిరణాలు పడితేనే ఊసరవెల్లి ఒంట్లో డీ3 తయారుచేసుకుంటది, డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడతది, లేకపోతే ఎముకల్లోదే తోడుకుంటది, అందుకే కాలు వంగుతది, దవడ మెత్తబడతది, నాలుక విసరలేదు. ఎల్ఈడీలో యూవీబీ ఉండదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో కూడా దాదాపు ఉండదు, అద్దం ఆపేస్తది. వంగిన కాలు పూర్తిగా సక్కగ కాకపోవచ్చు, గట్టిపడితే మాత్రం ఎక్కుడు దిగుడు చేసుకుంటది. దాన్ని చేతిలోకి తీసుకోవద్దు, ఎముక పుటుక్కుమంటది.

చిన్నదాన్ని మాత్రం రేపే చూపించు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి ముందు ఫోన్ చేసి పాముల్ని, తాబేళ్ళని చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారో అడిగి పో, కుక్కల డాక్టర్ దగ్గరికి పోయి లైన్ల నిలబడి టైం వేస్ట్ చేస్కోకు. తాజా రెట్ట చిన్న డబ్బీలో పట్టుకపో, కడుపుల పురుగులు ఉన్నయా చూస్తరు.

కేసు సంగతి: మన చెట్ల మీద దొరికే దేశీ ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, అది పెంచుడు జంతువు కాదు, దెబ్బ తగిలినది దొరికితే ఫారెస్ట్ వాళ్ళకి చెప్పాలె. యెమెన్‌ది సైటిస్ (అడవి జంతువుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాలోది, 2024ల వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేశ్ పోర్టల్ల రిజిస్టర్ చెయ్యాలె, చేతులు మారితే అదీ చెప్పాలె. మీ బావ చేసిండో లేదో కనుక్కో.

నాచారం పోరడు:
బావ రిజిస్ట్రేషన్ చేసిండంట, ట్రాన్స్‌ఫర్ చెయ్యలే, ఇప్పుడు చేస్తుండు. యూవీబీ ట్యూబ్ ఆర్డర్ పెట్టిన, వారం పడతదంట. అందాక అక్వేరియం బాల్కనీల ఎండకు పెట్టొచ్చా?

మల్లెతీగ:
అయ్యో వద్దు!! గాజు డబ్బా ఎండలో పెడితే పది నిమిషాల్లో ఉడికిపోతాయి, అదీ మార్చి నెల మన హైదరాబాద్ ఎండ. నెట్ ఉన్న బట్టల బుట్ట ఉంటుంది చూడు, దాంట్లో కొమ్మ పెట్టి సగం మీద తడిగుడ్డ కప్పి నీడ ఉంచి, పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో పదిహేను ఇరవై నిమిషాలు, నువ్వు అక్కడే కూర్చుని. నోరు తెరిచి రంగు పాలిపోతే వెంటనే లోపలికి తెచ్చెయ్. ఏసీ గాలి మీద పడే చోట పెట్టకు, ఆ గదిలో దోమల మెషీన్ ఆపెయ్. తిండికి రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్ద పురుగు వెయ్యకు. మగ్గిన అరటిపండు డబ్బాలో పెడితే రెండ్రోజుల్లో చిన్న ఈగలు ముసురుతాయి, ఫ్రీ ఫుడ్.

నాచారం పోరడు:
అప్డేట్ ఇస్తున్న. చిన్నది నిన్న రాత్రి పోయింది. డాక్టర్ మేడం కాల్షియం సిరప్ రాసిచ్చింది గానీ మస్తు లేట్ అయింది అన్నది, రెండు డోసులే పడ్డయ్. పెద్దది మాత్రం రెండో రోజు స్ప్రే కొట్టినంక ఓ ఐదు నిమిషాలకు మందారం ఆకు అంచు పట్టుకుని చుక్క చుక్క నాకింది, నేను ఊపిరి బిగబట్టి కూసున్న. ఇయ్యాల కళ్ళు రెండూ తెరిచింది, ఒక కన్ను నా దిక్కు, ఇంకో కన్ను అరటి డబ్బా దిక్కు. మూడు ఈగలు తిన్నది, నాలుక పడుతుంటే టప్ అని సౌండ్ కూడా వచ్చింది. అమ్మ తలుపు కాడికెళ్ళి చూసి, తిన్నదా అని అడిగి పోయింది. ట్యూబ్ వస్తే రోజుకు ఎంత సేపు వెయ్యాలె అక్కా?

మల్లెతీగ:
చిన్నదాని సంగతి విని బాధేసింది రా. ట్యూబ్ పన్నెండు గంటలు వెయ్యి, రాత్రి పూర్తి చీకటి, రంగు బల్బులు కూడా వద్దు. టైమర్ ప్లగ్గు ఒకటి కొనుక్కో, నువ్వు మర్చిపోతావ్. ట్యూబ్ వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతుంటుంది, డబ్బా మీద కొన్న తేదీ రాసి పెట్టుకో.