అవినీతి కేసులో మూడు విభాగాలు దిగితే పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి?

కొత్తనల్లకోటు:
ప్రాసిక్యూషన్ ఆఫీసులో చేరి ఎక్కువ కాలం కాలేదు. ఒక పెద్ద అధికారి మీద కేసు, వివరాలు ఇక్కడ రాయను. లంచం సంగతి ఒక విభాగం చూస్తోంది, ఆ డబ్బు ఎటు పోయిందో ఇంకో విభాగం, పన్ను ఎగవేత మూడోది. ఒకే ఖాతా గురించి ముగ్గురూ ఒకే బ్యాంకుకి విడివిడిగా లేఖలు రాశారు. ఒకే కాంట్రాక్టర్‌ని ముగ్గురూ పిలిచి మూడు స్టేట్‌మెంట్లు తీసుకున్నారు, ఒకదాంట్లో డబ్బు ఆఫీసులోనే ఇచ్చానన్నాడు, ఇంకోదాంట్లో డ్రైవర్ చేతికిచ్చానన్నాడు. రేపు కోర్టులో నిలబడాల్సింది మేము. అంతా అయిపోయాక కట్టలు తెచ్చి మా టేబుల్ మీద పడేస్తే మేం చేయగలిగింది ఏముంటుంది? దీనికి ఎక్కడైనా సరైన పద్ధతి ఉందా? నిజంగా టెన్షన్‌గా ఉంది.

సాక్షిబోను:
బ్రదర్, ఆ డ్రైవర్ మాట ఒక్కటి చాలు డిఫెన్స్ లాయర్‌కి. సాక్షి అబద్ధం చెప్పక్కర్లేదు, ముగ్గురు మూడు రకాలుగా అడిగితే ఎవరికైనా జవాబు కాస్త అటూ ఇటూ అవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి "ఇందులో ఏది నిజమండీ" అని అడుగుతారు, అక్కడితో సాక్షి పని అయిపోతుంది. అందుకే ముఖ్యమైన సాక్షిని ఎవరు, ఎప్పుడు, ఏ ప్రశ్నలతో విచారించాలో ముందే ఒక ప్రాసిక్యూటర్ కూర్చుని తేల్చాలి. సోదాకి వెళ్లకముందే ప్రాసిక్యూటర్ రంగంలో ఉండాలి, చార్జిషీట్ రోజున కాదు.

బ్యాంకు లేఖల విషయం ఇంకా ప్రమాదం. మూడు లేఖలు వెళ్తే అవి కనీసం మూడు నాలుగు టేబుళ్లు దాటతాయి, ఎక్కడో ఒకచోట ఖాతాదారుడికి ఉప్పందుతుంది, మీరు ఫ్రీజ్ ఆర్డర్ తెచ్చేసరికి ఖాతా ఖాళీ.

పద్ధతి అంటే ఇటలీలో పలెర్మో సంగతి చదవండి. 1983లో మాఫియా కేసులు చూస్తున్న దర్యాప్తు జడ్జి రొక్కో చిన్నిచి హత్య తర్వాత ఆయన స్థానంలోకి వచ్చిన కపోన్నెట్టో, ఫాల్కోనె, బోర్సెల్లినో లాంటి దర్యాప్తు జడ్జిలని ఒక జట్టుగా పెట్టి, ఒకరికి తెలిసింది అందరికీ తెలిసేలా చేశాడు. ఒకర్ని చంపినంత మాత్రాన కేసు చావకూడదని. అది మాఫియా కేసే, కానీ 1992లో మిలాన్‌లో రాజకీయ లంచాల మీద పనిచేసిన ప్రాసిక్యూటర్లు కూడా జట్టుగానే నడిచారు.

తూకంరాయి:
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ సమన్వయం పేరుతో గీత దాటితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. బ్రెజిల్‌లో లావా జాటో కేసుకి (ప్రభుత్వ చమురు కంపెనీ కాంట్రాక్టుల్లో లంచాల కేసు) 2014లో కురిచీబా నగరంలో ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ పెట్టారు. ప్రాసిక్యూటర్లు, పోలీసులు, పన్ను అధికారులు కలిసి పనిచేయడం వల్లే అంత పెద్ద నెట్‌వర్క్ బయటపడింది. కానీ 2019లో బయటికొచ్చిన మెసేజ్‌లలో కేసు వింటున్న జడ్జి మోరో ప్రాసిక్యూటర్లకి సలహాలిస్తున్నట్టు కనిపించింది. 2021లో అక్కడి సుప్రీంకోర్టు, అప్పటికి మాజీ అధ్యక్షుడైన లూలా కేసులో ఆయన నిష్పక్షపాతంగా లేడని తేల్చేసింది. ఏళ్ల కష్టం నీళ్లపాలు! దర్యాప్తు చేసేవాళ్లతో ఎంత దగ్గరగా ఉన్నా పర్వాలేదు, తీర్పు చెప్పేవాళ్లతో మాత్రం కోర్టు హాల్లో తప్ప మాట ఉండకూడదు. ఇంకొకటి, మీటింగులో ఏం అనుకున్నా రాతలో ఉండాలి. వాట్సాప్‌లో నిర్ణయాలు తీసుకునే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి.

సరిహద్దురేఖ:
డబ్బు దేశం దాటిందా? దాటితే మీ మూడు విభాగాల గొడవ చిన్నది. 2003 నాటి ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందంలో 38వ అధికరణం ఒకే దేశంలోని సంస్థల మధ్య సహకారం గురించి, 49వది దేశాలు కలిసి చేసే ఉమ్మడి దర్యాప్తుల గురించి. యూరప్‌లో యూరోజస్ట్ (ఈయూ దేశాల ప్రాసిక్యూటర్లని కలిపే సంస్థ) ద్వారా ఇలాంటి ఉమ్మడి బృందాలు పెట్టుకుంటారు, ఒక దేశంలో దొరికిన సాక్ష్యం కోసం మిగతా సభ్యులు ప్రతిసారీ కొత్త అభ్యర్థన పంపక్కర్లేదు.

మీ మూడో విభాగం పన్ను కేసుని తొందరగా ముగించేస్తుందేమో కూడా చూసుకోండి. ఒకే నేరానికి రెండుసార్లు విచారణ కుదరదన్న సూత్రం చాలా దేశాల్లో ఉంది కదా, చిన్న కేసులో జరిమానా కట్టేసి పెద్ద కేసులో దాన్నే అడ్డం పెట్టుకునే నిందితులు ఉంటారు.

కొత్తనల్లకోటు:
అందరికీ థ్యాంక్స్. పన్ను కేసు సంగతి నాకు తట్టనే లేదు, రేపు మొదట అదే కనుక్కుంటాను. కానీ సాక్షిబోను గారూ, అవతలి విభాగం ఫైలే ఇవ్వనంటే? "మా కేసు మాది" అంటున్నారు.

సాక్షిబోను:
అంటారు, ఎందుకంటే పేరొచ్చేది చార్జిషీట్ వేసినవాళ్లకే. ఫైలు మొత్తం అడగకండి. ముందు ఒక్క పేజీ అడగండి: ఎవరెవర్ని విచారించారు, ఏయే ఖాతాలు చూశారు, ఏ ఫోన్లు సీజ్ చేశారు, వాటి హాష్ విలువ (లోపలి డేటా మారలేదని చూపే కోడ్) ఎవరు, ఎప్పుడు తీశారు. ఆ పేజీ ఇవ్వడానికి పెద్దగా అభ్యంతరం ఉండదు, మీరు కూడా మీ పేజీ ఇవ్వండి. ఆ మూడు పేజీలూ పక్కపక్కన పెట్టి మీ పై అధికారికి చూపిస్తే ఎక్కడ ఢీకొంటున్నాయో ఆయనకే అర్థమవుతుంది, లీడ్ ప్రాసిక్యూటర్‌ని రాతపూర్వకంగా నియమించమని అప్పుడు అడగండి. ఆ కాంట్రాక్టర్‌ని మాత్రం నాలుగోసారి ఎవరూ పిలవకుండా ఈలోపే ఆపించండి.